ప్రమాదం అయిపోయింది, భయం అయిపోలేదు: పీటీఎస్‌డీని గుర్తించడం, మెట్టు మెట్టుగా బయటపడటం

మా బావకి హైవే మీద యాక్సిడెంట్ అయినప్పుడు మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి, అంతే. వెనక కూర్చున్న స్నేహితుడు మాత్రం బతకలేదు. కుట్లు విప్పిన రోజు డాక్టరుగారు "ఇంకేం లేదు, హాయిగా తిరగొచ్చు" అన్నారు. మేమూ అదే అనుకున్నాం. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. పాలవాడు గేటు చప్పుడు చేస్తే ఉలిక్కిపడేవాడు. రాత్రి రెండింటికి లేచి హాల్లో లైటు వేసుకుని కూర్చునేవాడు. బండి తాళం చెవి కనపడితే ముఖం మారిపోతోందని అక్క దాన్ని బీరువాలో దాచేసింది. ఛాతీ బరువుగా ఉందంటే ఈసీజీ తీయించాం, 2డీ ఎకో చేయించాం, గ్యాస్ మాత్రలు వాడాం. ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ "పిల్లాడు జడుసుకున్నాడే" అని దిష్టి తీసి తాయెత్తు కట్టించింది.

ఇప్పుడు ఆలోచిస్తే అంతమందిలో రోగానికి దగ్గరగా పేరు పెట్టింది ఆవిడే. జడుపు, దడుపు అని మన ఇళ్ళలో పిల్లల విషయంలో అనే మాట పెద్దవాళ్ళకీ వర్తిస్తుంది. కాకపోతే పెద్దవాళ్ళలో అది తాయెత్తుతో పోకపోవచ్చు.

నేను డాక్టర్‌ని కాదు. బావతో పాటు సైకాలజిస్ట్ గది బయట కుర్చీలో చాలా శనివారాలు కూర్చున్నవాణ్ణి. ఐదు నెలల పాటు మేమందరం ప్రేమతో చేసిన ఒకే ఒక పెద్ద తప్పు చుట్టూ ఈ మార్గదర్శి తిరుగుతుంది. "మర్చిపో, దాని గురించి ఆలోచించకు, ఆ రోడ్డు వైపే వెళ్ళకు" అంటూ ఆయన్ని భయం నుంచి దాచాం. దాచిన కొద్దీ అది బలిసింది.

పేరు సంగతి

పీటీఎస్‌డీ అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పెద్ద ఆపద (ట్రామా) దాటాక కూడా మనసులో ఉండిపోయే భయం జబ్బు. ప్రాణం మీదికి వచ్చిన ఘటన, తీవ్రమైన గాయం, లైంగిక హింస, వీటిలో ఏదైనా మనకు జరిగినా, కళ్ళెదుట మరొకరికి జరిగినా, అతి దగ్గరివాళ్ళకు హఠాత్తుగా జరిగిందని తెలిసినా రావచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు వచ్చినప్పుడు దాన్ని షెల్ షాక్ అన్నారు. కొందరు పిరికితనం అని కూడా అన్నారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళను చూశాక, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన జబ్బుల జాబితాలో ఈ పేరు చేర్చింది.

అందుకే చాలామంది ఇది మిలిటరీవాళ్ళ జబ్బనుకుంటారు. మన దగ్గర దీనికి యుద్ధం అక్కర్లేదు. రోడ్డు చాలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ళ వెనక చూసినవాళ్ళుంటారు, తప్పించుకున్నవాళ్ళుంటారు, నడిపినవాళ్ళుంటారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీక్, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు, ఇవన్నీ మన చుట్టూ జరిగినవే. ఇక ఇంటి నాలుగు గోడల మధ్య రోజూ దెబ్బలు తినే ఆడవాళ్ళ సంగతి చాలావరకు ఏ లెక్కలోకీ రాదు. కష్టమైన కాన్పు, ఐసీయూలో గడిపిన రోజులు కూడా కొందరిని ఇలాగే వెంటాడతాయి.

అయితే ఆపద చూసిన ప్రతివాళ్ళకీ ఈ జబ్బు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘటన ఎదుర్కొనేవాళ్ళు సుమారు 70 శాతం. వాళ్ళలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతానికే. లైంగిక హింసకు గురైనవాళ్ళలో, యుద్ధం చూసినవాళ్ళలో ఈ శాతం బాగా ఎక్కువ. ఒకే ప్రమాదంలో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు రెండు వారాల్లో తేరుకుంటే, ఇంకొకరు రెండేళ్ళయినా తేరుకోకపోవచ్చు. "వాడికి లేనిది నీకెందుకు?" అని అడగడంలో అర్థం లేదు.

ఆఫీసు టెన్షన్, అప్పుల టెన్షన్, పిల్లల చదువు టెన్షన్, ఇవి వేరు. వాటి వల్ల నిద్ర పాడవుతుంది, ఏళ్ళ తరబడి సాగితే బీపీ, షుగరు, కడుపులో మంట, డిప్రెషన్ దాకా తీసుకెళ్తాయి. కానీ వాటికి పీటీఎస్‌డీ అని పేరు పెట్టరు. పరీక్షలో మార్కులు తగ్గాయని "ట్రామా అయిపోయింది" అనే వాడుక ఈ మధ్య ఎక్కువైంది. నాకైతే అది నచ్చదు. నిజంగా ఉన్నవాళ్ళ మాట తేలికైపోతుంది.

ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది

చీకట్లో కాలికి ఏదో తగిలితే ముందు ఎగిరి దూకుతాం, ఆ తర్వాత అది తాడని తెలుస్తుంది. ముందు దూకించేది మెదడులో బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా. అది అలారం కొట్టగానే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుస్తాయి, అరుగుదల ఆగుతుంది. వెనకే కార్టిసోల్ అనే హార్మోను వచ్చి రక్తంలోకి చక్కెర అందిస్తుంది. పోరాడటమో, పారిపోవడమో, రెండూ కుదరకపోతే కొయ్యబారిపోవడమో జరుగుతుంది. ఈ మూడోది చాలామందికి తెలియదు. "నువ్వెందుకు అరవలేదు, ఎందుకు తోసెయ్యలేదు?" అని బాధితురాలిని అడిగేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఒళ్ళు బిగుసుకుపోవడం మనం ఎంచుకునేది కాదు.

ఆపద దాటాక నుదుటి వెనక ఉండే ఆలోచించే భాగం "అది తాడేలే" అని అలారాన్ని ఆపుతుంది. మామూలుగా అయితే హిప్పోక్యాంపస్ అనే భాగం ఆ జ్ఞాపకానికి చోటు, తేదీ రాసి లోపల పెడుతుంది. విపరీతమైన భయంలో ఆ పని సరిగ్గా జరగదు. అందుకని జ్ఞాపకం తేదీ లేని ఉత్తరంలా తిరుగుతూ ఉంటుంది. డీజిల్ వాసన, బ్రేకుల కీచు, వాన చప్పుడు తగిలితే చాలు, "అప్పుడు జరిగింది" అని కాకుండా "ఇప్పుడు జరుగుతోంది" అన్నట్టు ఒళ్ళంతా లేస్తుంది. తాడే పామై కరవడం అంటే ఇదే. ఇది మనసు బలహీనత కాదు, అలారం ఆగకపోవడం.

మొదటి మెట్టు: తొలి నాలుగు వారాలు

ఈ నెలలో నిద్ర పట్టకపోవడం, ఏడుపు, ఉలికిపాటు, అదే దృశ్యం కళ్ళ ముందు ఆడటం, ఇవన్నీ ఉండటమే మామూలు. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. కాబట్టి వెంటనే జబ్బు పేరు పెట్టకండి. చేయాల్సినవి చిన్న చిన్న పనులే. వేళకి తిండి, పక్కన ఒక మనిషి, స్నానం, పడుకునే చోటు నిశ్శబ్దంగా ఉండటం, ఆస్పత్రి కాగితాలు, పోలీసు స్టేషను పని ఇంకొకరు చూసుకోవడం.

మనవైపు అసలు ప్రమాదం పరామర్శల దగ్గర వస్తుంది. వచ్చిన ప్రతి చుట్టమూ "ఎలా జరిగింది నాయనా, మొదట్నుంచి చెప్పు" అంటారు. బావ మొదటి వారంలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ప్రతిసారీ చెమటలు. ఘటన జరిగిన వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించడం వల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా జరగొచ్చని పరిశోధనల్లో తేలింది. ఒకప్పుడు విదేశాల్లో నిపుణులే ఆ పని చేసేవారు, తర్వాత మానుకున్నారు. దీనికి మేం ఆలస్యంగా కనిపెట్టిన ఉపాయం ఒకటి ఉంది. హాల్లో ఒక మనిషిని కూర్చోబెట్టండి. జరిగింది ఆయనే చెబుతాడు. లోపలికి వెళ్ళేవాళ్ళకి "ఆ సంగతి అడగొద్దు, భోజనం చేశావా అని అడగండి" అని ముందే చెబుతాడు. మనిషి తనంతట తాను చెప్పుకుంటే మాత్రం వినాలి, మధ్యలో ఆపకూడదు.

సీసీటీవీ వీడియో ఎవరో వాట్సాప్ గ్రూపులో పెడతారు. దాన్ని అతనికి చూపించకండి, అతని ఫోన్‌లోంచి తీసెయ్యండి.

రెండు పెగ్గులు వేస్తే నిద్ర పడుతుందని సలహా ఇచ్చే స్నేహితులుంటారు. మందు మొదటి రెండు గంటలు మత్తునిస్తుంది, తెల్లవారుజామున నిద్ర చెడగొడుతుంది, పీడకలలు పెంచుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆల్‌ప్రాజోలం, క్లోనజెపామ్ లాంటి ఆందోళన, నిద్ర మాత్రలు కూడా అంతే. అలవాటు పడతాయి, పీటీఎస్‌డీకి వాటిని వాడొద్దనే చికిత్సా మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలంగాణలో కల్తీ కల్లులో పట్టుబడే మందుల్లో ఈ ఆల్‌ప్రాజోలం ఒకటి. దొరక్క మానేసిన రోజు వణుకు, ఫిట్స్ వచ్చేది అందుకే. ఇప్పటికే రోజూ వాడుతున్నవాళ్ళు హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

తలకు దెబ్బ తగిలి ఉంటే ఇంకో జాగ్రత్త. మతిమరుపు, చిరాకు, తలనొప్పి మెదడు అదిరినందువల్ల కూడా వస్తాయి. న్యూరాలజిస్టుకు ఒకసారి చూపించాకే మనసు సంగతి మాట్లాడుకోవాలి.

రెండో మెట్టు: నెల దాటాక లెక్క చూసుకోవడం

నెల దాటింది. తగ్గలేదు. అప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుని వారం రోజులు రాయండి. ఏ వేళ, ఏం చూస్తే లేదా వింటే మొదలైంది, ఒంట్లో ఏమైంది, ఎంతసేపు ఉంది. డాక్టరు దగ్గర ఈ నోటుబుక్కు ఈసీజీ కంటే ఎక్కువ ఉపయోగపడింది.

లక్షణాలు నాలుగు రకాలుగా ఉంటాయి. ఒకటి, తిరిగి తిరిగి రావడం: పీడకలలు, కళ్ళు మూస్తే అదే దృశ్యం, గుర్తుచేసే వస్తువు కనబడితే గుండె దడ. రెండు, తప్పించుకోవడం: ఆ రోడ్డు, ఆ మనుషులు, ఆ మాట. మూడు, మనసు మొద్దుబారడం: ముభావంగా ఉండటం, పిల్లల్ని ఎత్తుకున్నా సంతోషం పుట్టకపోవడం, "తప్పంతా నాదే" అనే మాట. నాలుగు, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుండటం: ఉలికిపాటు, చిరాకు, హోటల్లో గోడకి వీపు ఆనించి తలుపు కనబడేలా కూర్చోవడం. నాలుగో రకాన్ని ఇంట్లోవాళ్ళు "కోపం ఎక్కువైంది" అంటారు. రెండో రకాన్ని అసలు గమనించరు, ఎందుకంటే అది చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. బావ బండి ముట్టుకోనన్ని రోజులూ "పోనీలే, కుదుటపడ్డాడు" అనుకున్నాం.

డాక్టర్లు వాడే చిన్న పరీక్షలో ఐదు ప్రశ్నలుంటాయి. మీరూ వేసుకోవచ్చు. గత నెల రోజుల్లో వద్దన్నా ఆ ఘటన గురించి ఆలోచనలో, కలలో వచ్చాయా? గుర్తొచ్చే చోట్లను, మాటలను తప్పించుకున్నారా? ఎప్పుడూ అప్రమత్తంగా, ఇట్టే ఉలిక్కిపడేలా ఉన్నారా? మనుషుల నుంచి, పనుల నుంచి దూరమైనట్టు అనిపించిందా? జరిగినదానికి మిమ్మల్నో, ఇతరుల్నో నిందించుకోవడం ఆగట్లేదా? మూడు లేదా అంతకు మించి అవును అని వస్తే సైకియాట్రిస్టును గానీ, క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవాలి. ఇది జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు. తలుపు తట్టమని చెప్పేది మాత్రమే.

కొందరిలో మొదటి ఆరు నెలలు అంత కనబడక, తర్వాత పూర్తిగా బయటపడుతుంది. ఏళ్ళ తరబడి దెబ్బలు, వేధింపులు అనుభవించినవాళ్ళలో వీటితో పాటు తన మీద తనకే అసహ్యం, ఎవరినీ నమ్మలేకపోవడం పేరుకుపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితా దాన్ని కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని విడిగా చెబుతోంది.

చిన్నపిల్లలు మాటల్లో చెప్పరు. బొమ్మ కారుని మళ్ళీ మళ్ళీ గోడకి గుద్దుతారు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెడతారు, అమ్మ కొంగు వదలరు. కొడితే అది పోదు.

మూడో మెట్టు: ఆ క్షణం వచ్చినప్పుడు

ఫ్లాష్‌బ్యాక్ అంటే సినిమాలో లాగా కథ వెనక్కి వెళ్ళడం కాదు. ఆ ఘటన ఇప్పుడే మళ్ళీ జరుగుతున్నట్టు కాళ్ళ కింద నేల మారిపోతుంది. అప్పుడు చేయాల్సిందల్లా ఒంటిని ఈ రోజుకి, ఈ గదికి తెచ్చుకోవడం.

కళ్ళు తెరిచే ఉంచండి. చెప్పులు విప్పి పాదాలు నేలకి గట్టిగా నొక్కండి. కనబడుతున్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, తాకగలిగే నాలుగు, వినబడే మూడు, వాసన తగిలే రెండు, రుచి తెలిసే ఒకటి. క్రమం తప్పినా పర్వాలేదు. చల్లటి నీళ్ళు ముఖం మీద చల్లుకోవడం, లవంగం కొరకడం, 100 నుంచి ఏడేడు తగ్గిస్తూ లెక్కపెట్టడం కూడా పనిచేస్తాయి. బావ జేబులో ఇప్పటికీ చిన్న అమృతాంజనం డబ్బా ఉంటుంది. మూత తీస్తే చాలంటాడు, డీజిల్ వాసనని అది కొట్టేస్తుందట. తర్వాత తేదీ, వారం, ఊరి పేరు చెప్పుకోవాలి: "ఈ రోజు మంగళవారం. నేను మా ఇంట్లో ఉన్నాను. అది అయిపోయింది."

శ్వాస కూడా మందే, కానీ అందరికీ కాదు. నాలుగు లెక్కపెట్టేలోపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంత నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. అదే నీళ్ళలో మునిగి బయటపడినవాళ్ళు, గ్యాస్ పీల్చినవాళ్ళు ఊపిరి మీద ధ్యాస పెడితే భయం పెరగొచ్చు. వాళ్ళు పాదాలు, చేతులు, లెక్కలు పట్టుకోవడం మేలు. కళ్ళు మూసుకుని ధ్యానం చెయ్యమని అందరికీ ఒకే సలహా ఇవ్వకూడదని నేను నేర్చుకున్నది ఇక్కడే.

పక్కన ఉన్నవాళ్ళు వెనక నుంచి భుజం మీద చెయ్యి వెయ్యొద్దు. ఎదురుగా వచ్చి, పేరు పెట్టి పిలిచి, "నేను మీ బావమరిదిని, ఇక్కడే ఉన్నా" అని మెల్లిగా చెప్పాలి.

నాలుగో మెట్టు: రాత్రులు

పడుకునే వేళ కంటే లేచే వేళ ముఖ్యం. రాత్రి ఎంత చెడినా పొద్దున ఒకే సమయానికి లేవాలి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు. అరగంట నిద్ర రాకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి వెళ్ళాలి.

ఒకే పీడకల మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒక పద్ధతి ఉంది. పగటిపూట, వెలుతురులో, ఆ కలను కాగితం మీద రాయాలి. తర్వాత ముగింపు మార్చి రాయాలి, ఎలాగైనా సరే. లారీ ఆగిపోవచ్చు, ఎద్దుల బండిగా మారిపోవచ్చు. కొత్త కథను రోజూ పది, ఇరవై నిమిషాలు మనసులో నడిపించాలి. విన్నప్పుడు నేను నవ్వుకున్నాను. కొన్ని వారాలకి కల రావడం తగ్గింది, వచ్చినా కేకలు లేవు.

ఐదో మెట్టు: ఎవరి దగ్గరికి, ఏం చికిత్స

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. "ఎర్రగడ్డ" అనే మాటను తిట్టుగా వాడిన పాపం మనందరిదీ. దానివల్లే ఓపీ చీటీ తీసుకోవడానికి కూడా సిగ్గుపడతారు.

సైకియాట్రిస్ట్ వైద్యుడు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో చికిత్స చేస్తారు. రెండూ అవసరం కావచ్చు. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న: "ట్రామాకి ప్రత్యేకంగా చేసే థెరపీ మీరు చేస్తారా?" ధైర్యంగా ఉండు, దేవుణ్ణి నమ్ముకో అని చెప్పి పంపితే అది కౌన్సెలింగ్ కాదు, పరామర్శ. దానికి ఫీజు ఇవ్వక్కర్లేదు.

బాగా పనిచేస్తాయని నిరూపితమైన పద్ధతులు మూడు రకాలు. ప్రొలాంగ్‌డ్ ఎక్స్‌పోజర్‌లో తప్పించుకుంటున్నవాటిని, ఆ జ్ఞాపకాన్ని కూడా, భద్రమైన చోట పదే పదే ఎదుర్కొంటారు. వారానికోసారి, సుమారు గంటన్నర, ఎనిమిది నుంచి పదిహేను సార్లు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలో సుమారు పన్నెండు సార్లు కూర్చుని, మెదడులో చిక్కుకుపోయిన మాటలను విప్పుతారు. ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని తలుచుకుంటూ డాక్టరు వేలి వెంట కళ్ళు అటూ ఇటూ కదిలిస్తారు.

బావకి చిక్కుముడి "ఆ టీ కొట్టు దగ్గర ఇంకో ఐదు నిమిషాలు ఆగి ఉంటే" అన్న మాట. సైకాలజిస్ట్ అడిగిందట: "ఆగి ఉంటే లారీ రాదని ఆ క్షణంలో మీకు తెలుసా?" జరిగాక తెలిసినదాన్ని జరగకముందు తెలిసినట్టు లెక్కేసి, మనల్ని మనం శిక్షించుకుంటాం. మా ఊళ్ళో ఒకాయన పరామర్శకి వచ్చి "ఏ జన్మ పాపమో" అన్నాడు. ఆ ఒక్క మాట విప్పడానికి రెండు శనివారాలు పట్టింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. మొదటి నెలలో చెప్పించొద్దన్నాం, ఇప్పుడు చెప్పించడమే మందంటున్నాం. తేడా ఉంది. అక్కడ చుట్టాలు అడిగితే చెప్పాలి, మధ్యలో కాఫీ వస్తుంది, భయం పైకి లేచి అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చెప్పేవాడి చేతిలో ఉంటుంది, లేచిన భయం దిగేదాకా పక్కన మనిషి ఉంటాడు.

మందుల్లో సెర్ట్రలిన్, పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి రాస్తారు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పొచ్చు. తగ్గిందని సొంతంగా ఆపెయ్యకూడదు, సాధారణంగా నెలల తరబడి వాడి నెమ్మదిగా తగ్గిస్తారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలి. పాలసీ కాగితంలో ఓపీ ఖర్చులు వస్తాయా లేదా అన్నది విడిగా చూసుకోండి.

చనిపోవాలనిపిస్తోందనో, "నేను బతికి ఏం లాభం" అనో మాట వస్తే ఈ మెట్లన్నీ పక్కన పెట్టండి. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు, మాత్రలు, తాళ్ళు అందకుండా తీసెయ్యండి, 14416 లేదా 112కి ఫోన్ చేయండి, దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఆత్మహత్యా ప్రయత్నం చేసినవాళ్ళు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే ఆ చట్టం భావిస్తుంది, కేసు భయంతో ఆలస్యం చేయకండి.

ఆరో మెట్టు: నిచ్చెన

అన్నిటికన్నా ఎక్కువ మార్పు తెచ్చింది ఇదే, అందుకే కాస్త వివరంగా. తప్పించుకుంటున్న పనులన్నీ రాసి, ఒక్కొక్కదానికి సున్నా నుంచి వంద దాకా భయం మార్కులు వేయాలి. తక్కువ మార్కులది కింద మెట్టు. బావ నిచ్చెన ఇలా ఉండేది:

1. బండి తాళం చెవి చేతిలో పట్టుకుని పది నిమిషాలు కూర్చోవడం: 30
2. ఇంటి ముందు ఆపి ఉన్న బండి మీద కూర్చోవడం: 40
3. ఇంజను స్టార్ట్ చేసి అక్కడే ఉండటం: 50
4. ఆదివారం పొద్దున కాలనీలో ఒక చుట్టు: 60
5. హైవే పక్క టీ కొట్టులో కూర్చుని లారీలను చూడటం: 75
6. కారులో పక్క సీట్లో ఆ రోడ్డు మీద వెళ్ళడం: 85
7. ఆ చోట దిగి నిలబడటం: 100

సూత్రం చిన్నది. మెట్టెక్కాక భయం లేస్తుంది, దిగేదాకా ఉండాలి. శిఖరం మీద ఉండగా పారిపోతే మెదడు "పారిపోయాను కాబట్టే బతికాను" అని నేర్చుకుంటుంది. ఇరవై, నలభై నిమిషాలు ఉంటే అది తగ్గడం మొదలవుతుంది, లేదా తగ్గకపోయినా ఏమీ జరగలేదని తెలుస్తుంది. ఒకే మెట్టు రోజూ చేయాలి, మార్కులు సగానికి వచ్చాక పై మెట్టు. మూడో మెట్టు దగ్గర బావ తొమ్మిది రోజులు ఉండిపోయాడు.

దొంగ సాయాలు కూడా చూసుకోవాలి. అక్క ఫోన్ లైన్లో ఉంటేనే టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. అప్పుడు మెదడు ధైర్యం అంతా ఫోన్ ఖాతాలో వేస్తుంది. ఐదో మెట్టుని ఫోన్ లేకుండా మళ్ళీ మొదలుపెట్టించారు.

కింది మెట్లు ఇంట్లో ప్రయత్నించవచ్చు. పై మెట్లు, ముఖ్యంగా లైంగిక హింస, హత్య లాంటివి ఉన్నప్పుడు, థెరపిస్టు లేకుండా వద్దు. ఇంకో ముఖ్యమైన తేడా: నిచ్చెన అయిపోయిన ఆపదకే. కొట్టే భర్త ఇంట్లోనే ఉంటే ఆ భయం జబ్బు కాదు, సరైన భయం. అక్కడ కావాల్సింది 181 మహిళా హెల్ప్‌లైన్, తల దాచుకునే చోటు.

ఇంట్లోవాళ్ళ పని

"మర్చిపో" మానెయ్యండి. "ధైర్యంగా ఉండు", "అందరికీ జరిగేదే" కూడా. వాటికి బదులు మాకు పనికొచ్చిన మాటలు చాలా మామూలువి: "ఇవాళ ఎన్ని మార్కులు?" "నేనూ రానా, ఒక్కడివే వెళ్తావా?"

అతని బదులు అన్నీ చేసిపెట్టడం ప్రేమలాగే కనబడుతుంది. అక్క ఆరు నెలల పాటు పాల ప్యాకెట్టుకి కూడా తనే వెళ్ళింది. బీరువాలోంచి తాళం చెవి తీసి మేకుకి తగిలించిన రోజు బావ కంటే అక్కే ఎక్కువ ఏడ్చింది. చూసుకునేవాళ్ళూ అలిసిపోతారు, వాళ్ళకీ నిద్ర కావాలి, చెప్పుకునే మనిషి కావాలి.

తాయెత్తు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. దిష్టి తీయించుకోండి, దర్గాలో ఊదించుకోండి, ఊరట ఇస్తే మంచిదే. నెల దాటినా తగ్గకపోతే పూజ పెంచడం కాదు, ఆస్పత్రిలో ఓపీ చీటీ రాయించుకోవాలి.

తిరగబెడితే

తగ్గిన తర్వాత కూడా ఆ తేదీ దగ్గరపడితే నిద్ర చెడుతుంది. దివిసీమలో పెద్దవాళ్ళకి నవంబరు ఎలాంటిదో, ప్రతి ఇంటికీ అలాంటి ఒక తేదీ ఉంటుంది. దాన్ని క్యాలెండర్లో ముందే గుర్తు పెట్టుకోండి, ఆ రోజు ఏం చేయాలో, ఎవరితో ఉండాలో నిర్ణయించుకోండి. వార్తల్లో మరో ప్రమాదం చూసినా లక్షణాలు లేవొచ్చు. అంటే మొదటికి వచ్చిందని కాదు. నిచ్చెనలో రెండు మెట్లు దిగి, అక్కడి నుంచి మళ్ళీ ఎక్కాలి. రెండు వారాలు చూసి తగ్గకపోతే థెరపిస్టుకు ఫోన్.

ఈ ఏడు సంవత్సరీకానికి బావ ఆ స్నేహితుడి ఊరు వెళ్ళాడు. వాళ్ళమ్మ దగ్గర భోజనం చేసి, సాయంత్రం బస్సులో వచ్చేశాడు. "బండి మీద వెళ్ళొచ్చుగా, ఇప్పుడు బాగానే నడుపుతున్నావుగా" అన్నాను.

"చీకటి పడ్డాక హైవే నాకు అంతకుముందు కూడా ఇష్టం లేదురా" అన్నాడు.